పెరటి పైన్ చెట్టు చదువుకు పనికిరాదా?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. చేతికందే దూరంలో ఉన్నదాన్ని మనం లెక్కచేయమని దాని భావం. నేనుంటున్న నార్త్ కరోలినాలో ఆ సామెత పైన్ చెట్టుకు అతికినట్టు సరిపోతుంది. రాలీ, కేరీ, మోరిస్‌విల్ చుట్టుపక్కల ఇళ్ళు కొనుక్కున్న తెలుగు కుటుంబాల్లో, పెరట్లోనో వీధి చివరనో పైన్ చెట్టు కనిపించని ఇల్లు అరుదు. అయినా ఆ చెట్టు మనకు గుర్తొచ్చేది మూడే సందర్భాల్లో. వసంతంలో కారు నిండా పసుపు పొడి పేరుకున్నప్పుడు, గట్టర్లలో సూదుల్లాంటి ఆకులు నిండి వాననీళ్ళు పోనప్పుడు, హరికేన్ హెచ్చరిక వచ్చి ఏ కొమ్మ ఇంటి మీద పడుతుందోనని భయం వేసినప్పుడు.

అదే ఇంటికి పిల్లల కోసం నెలనెలా క్రాఫ్ట్ కిట్ డబ్బాలో వస్తుంది. శనివారం లెక్కల క్లాసు, ఆ తర్వాత కోడింగ్, ఆదివారం తెలుగు బడి. వీటిలో దేనికీ నేను వ్యతిరేకిని కాను. ఇరవై ఏళ్ళుగా ఆ కోడింగే నాకు అన్నం పెడుతోంది. తెలుగు బడి నడిపే వలంటీర్ల ఓపికకు దండం పెట్టాలి. కానీ సైన్సు ఒకచోట, చేతిపని ఒకచోట, తెలుగు మరోచోట అని మనం విడివిడిగా ఫీజు కట్టి కొంటున్న ఈ మూడూ ఆ చెట్టు కింద ఒకేచోట దొరుకుతాయి. మూడింటిలో మన ఇళ్ళలోంచి వేగంగా జారిపోతున్నది తెలుగు. పిల్లల చేతికి పని దొరికిన చోటే నోటికి భాష దొరుకుతుందని నా నమ్మకం. ఆ పని పైన్ చెట్టుతో ఎలా మొదలుపెట్టవచ్చో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఇది మన చెట్టు కాదు కదా!

ఈ సంగతి ఎత్తగానే మిత్రులు వేసే మొదటి ప్రశ్న ఇది. తెలుగు నేర్పాలంటే మామిడి, వేప, తాటి చెట్ల గురించి చెప్పాలి గానీ పైన్ ఎందుకంటారు. మన పిల్లలు వేపచెట్టును చూసేది రెండేళ్ళకోసారి, మూడు వారాల సెలవుల్లో. అదీ ఎండకు భయపడి ఏసీ గది కిటికీలోంచి. పైన్ చెట్టును మాత్రం స్కూల్ బస్సు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ రోజూ చూస్తారు. రోజూ చూసేదాని గురించి చెప్పడానికి తెలుగులో మాటలు లేకపోతే, తెలుగు వాళ్ళకు సెలవుల భాషగానే మిగిలిపోతుంది. అక్షరాలు దిద్దేటప్పుడు రాసుకున్న ఈతచెట్టు ఈ దేశంలో వాళ్ళకు ఎదురుపడదు. సూది, బెరడు, బంక, పొలుసు, రెక్క, పుప్పొడి అనే మాటలు మాత్రం ఒక్క పైన్ చెట్టు దగ్గరే చేతికి తగులుతాయి.

పైన్‌ను తెలుగులో ఏమంటారని పిల్లలు తప్పకుండా అడుగుతారు. సంస్కృతం నుంచి వచ్చిన 'సరళ వృక్షం' అనే పేరుంది. కాళిదాసు కుమారసంభవంలో హిమాలయాన్ని వర్ణిస్తూ, ఏనుగులు ఒళ్ళు రుద్దుకున్నప్పుడు సరళ వృక్షాల నుంచి వచ్చే సువాసనను ప్రస్తావించాడు. నిటారుగా పెరిగే చెట్టును చూపిస్తూ సరళరేఖ అంటే ఏమిటో కూడా అప్పుడే చెప్పెయ్యొచ్చు. కొందరు దీన్ని దేవదారు అంటారు గానీ, అది వేరే చెట్టు. మా ఇంట్లో మాత్రం పైన్ అనే అంటాం, కోన్‌ను పైన్ కాయ అంటాం. శాస్త్రం ప్రకారం అది కాయ కాదు. పైన్‌కు పువ్వులు పూయవు, గింజలు కండలో మూసి ఉండవు, పొలుసుల మీద బయటికే ఉంటాయి. ఆ తేడా చెప్పడం కూడా ఒక పాఠమే.

కోస్తాలో పెరిగిన మనలో చాలామందికి పైన్‌ను చూడగానే సరుగుడు తోట గుర్తొస్తుంది. కొన్నిచోట్ల దాన్నే సర్వి అంటారు. చూడటానికి అక్కాచెల్లెళ్ళలా ఉన్నా ఈ రెండిటికీ చుట్టరికం లేదు. సరుగుడు పూలు పూసే జాతి. దాని సూదులుగా మనకు కనిపించేవి నిజానికి సన్నటి రెమ్మలు. వాటి కణుపుల దగ్గర ఉండే చిన్న చిన్న పొలుసులే అసలు ఆకులు. చిన్నప్పుడు ఆ రెమ్మను కణుపు దగ్గర లాగి, మళ్ళీ అతికించి, ఎక్కడ తెగిందో చెప్పమని ఆడిన ఆట చాలామందికి గుర్తుండే ఉంటుంది. పైన్ సూదికి కణుపులు ఉండవు, ఆ ఆట సాగదు. ఈసారి విశాఖ బీచ్‌కో బాపట్ల వైపో వెళ్ళినప్పుడు పిల్లల చేత రెండూ పోల్చి చూపిస్తే, తాతగారి ఊరు వాళ్ళకు ఫొటోలు దిగే చోటుగా కాక, పరిశీలించాల్సిన చోటుగా కనిపిస్తుంది.

లెక్క సూదుల దగ్గర మొదలవుతుంది

పైన్ ఆకులు విడివిడిగా పుట్టవు, చిన్న కట్టలుగా పుడతాయి. కట్టకు ఎన్ని సూదులున్నాయో లెక్కపెడితే చెట్టు జాతి చాలావరకు తెలిసిపోతుంది. మా ప్రాంతంలో ఎక్కువగా కనిపించే లాబ్‌లాలీ పైన్‌కు సాధారణంగా మూడు సూదులు, 6 నుంచి 9 అంగుళాల పొడవు. లాంగ్‌లీఫ్ పైన్‌కూ మూడే గానీ, పొడవు 18 అంగుళాల దాకా ఉంటుంది. వర్జీనియా పైన్‌కు రెండు, పొట్టిగా మెలి తిరిగి ఉంటాయి. ఈస్టర్న్ వైట్ పైన్‌కు అయిదు. ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో ఉన్నవారికి కనిపించే స్కాట్స్ పైన్‌కు రెండు.

అయిదేళ్ళ పిల్లకు ఇది ఒకటి, రెండు, మూడు అని తెలుగులో లెక్కపెట్టే ఆట. మిడిల్ స్కూల్ పిల్లాడికి ఇదే జామెట్రీ. ఒక కట్టలోని సూదులన్నిటినీ దగ్గరగా చేర్చి పట్టుకుంటే గుండ్రటి పుల్ల అవుతుంది. రెండు సూదులుంటే ఒక్కోటి అర్ధవృత్తం. మూడుంటే ఒక్కోటి 120 డిగ్రీల ముక్క, అయిదుంటే 72 డిగ్రీల ముక్క. సూదిని అడ్డంగా కోసి భూతద్దంతో చూపిస్తే పిజ్జా ముక్కలా కనిపిస్తుంది. కోణాల గురించి వర్క్‌షీట్‌లో పది లెక్కలు చేసినదానికన్నా ఇది ఎక్కువ కాలం గుర్తుంటుంది.

కాయ దగ్గరికొస్తే ప్రయోగం ఇంకా తేలిక. విచ్చుకున్న ఎండు కాయను ఒక గిన్నెడు నీళ్ళలో వేయండి. గంట, రెండు గంటల్లో పొలుసులన్నీ ముడుచుకుపోతాయి. తీసి ఎండలో పెడితే మళ్ళీ విచ్చుకుంటాయి. చెట్టు నుంచి రాలిన ఎండు కాయలో ప్రాణమున్న కణాలు లేవు కదా, మరి ఎలా కదిలింది? పొలుసులో రెండు పొరలుంటాయి. తడి తగిలితే బయటి పొర లోపలి పొరకన్నా ఎక్కువ సాగుతుంది, అందుకే పొలుసు లోపలికి వంగుతుంది. దీనివల్ల చెట్టుకో లాభముంది. రెక్కలున్న గింజలు పొడి వాతావరణంలో, గాలికి దూరంగా ఎగిరిపోయే రోజునే బయటపడతాయి. తడి రోజున కాయ తలుపులు మూసుకుంటుంది.

ఇక్కడ నాలోని ఇంజనీరు ఊరుకోడు. కాయను వరండాలో పెట్టి, రోజూ సాయంత్రం దాని వెడల్పు కొలిచి, ఫోన్‌లో చూసిన గాలి తేమ శాతం పక్కన రాయమంటాను. నెల రోజులకు పిల్లలు సొంతంగా సేకరించిన డేటా తయారవుతుంది. దాన్నుంచి గ్రాఫ్ గీస్తే, స్కూల్ సైన్స్ ఫెయిర్‌కు ఏం చేయాలని ఆఖరి వారంలో తల పట్టుకునే పని ఉండదు.

ఛందస్సుకూ పైన్ కాయకూ ఏమిటి సంబంధం?

పైన్ కాయను అడుగు నుంచి చూస్తే పొలుసులు సుడులు తిరిగి కనిపిస్తాయి. ఒకవైపు తిరిగే సుడులకు ఒక రంగు, అవతలివైపు తిరిగేవాటికి మరో రంగు వేయించండి. చాలా కాయల్లో 8, 13 వస్తాయి. కొన్నిటిలో 5, 8 వస్తాయి. ఇవి ఫిబొనాచీ సంఖ్యలని ఇక్కడి బళ్ళలో చెబుతారు. ముందు రెండు సంఖ్యలు కలిపితే తర్వాతి సంఖ్య వచ్చే వరుస ఇది. ఇటలీకి చెందిన ఫిబొనాచీ వీటి గురించి 1202లో రాశాడు. అంతకుముందే మన దేశంలో విరహాంకుడు, హేమచంద్రుడు ఇదే వరుసను ఛందస్సులో లెక్కకట్టారు.

పద్యాలు నేర్చుకునే పిల్లలకు లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అని తెలుసు. మరి అయిదు మాత్రలను లఘువులు, గురువులతో ఎన్ని రకాలుగా నింపొచ్చు? ఎనిమిది. ఆరు మాత్రలను? పదమూడు. కాయ మీద లెక్కపెట్టిన సంఖ్యలే ఇవి.

దీన్ని చేతిపనిగా మార్చడం సులువు. పైన్ సూదులను అంగుళం ముక్కలుగా, రెండంగుళాల ముక్కలుగా కత్తిరించండి. అంగుళం ముక్క లఘువు, రెండంగుళాల ముక్క గురువు. కాగితం మీద అయిదంగుళాల గీతలు గీసి, ఒక్కో గీతను ఒక్కో రకంగా ముక్కలతో నింపి అతికించమనండి. ఎనిమిది గీతలు నిండాక తొమ్మిదోది ఎంత వెతికినా దొరకదు. 'ఇదంతా ఎప్పుడో మనవాళ్ళే కనిపెట్టారు' అని భోజనాల దగ్గర గొప్పలు చెప్పడంకన్నా, పిల్లలు తమ చేతులతో ఆ లెక్క తేల్చుకోవడం మంచిది. గర్వం వాళ్ళంతట వాళ్ళకే కలుగుతుంది.

చుట్టకుదురు నుంచి బుట్ట దాకా

ఇక అసలు విషయం. మన ఇళ్ళకు ఆరు నెలలకని వచ్చే అమ్మమ్మలు, నానమ్మలు, తాతయ్యలు పగలంతా ఏం చేస్తారు? పిల్లలు స్కూల్లో, మనం మీటింగుల్లో. కారు నడపలేరు, నడిచి వెళ్ళడానికి వీధిలో కొట్టు ఉండదు. వంటింట్లో మనకు సాయం చేసి, సీరియల్ చూసి, కిటికీ దగ్గర కూర్చుంటారు. సాయంత్రం ఇంటికొచ్చిన మనవడితో మాట్లాడదామంటే 'అన్నం తిన్నావా, హోంవర్క్ అయిందా' దాటి మాట సాగదు. ఇద్దరికీ ప్రేమ లేక కాదు, కలిసి చేసే పని లేక.

మా అమ్మ వచ్చినప్పుడు పూలమొక్కల చుట్టూ పరచడానికి తెచ్చిన పైన్‌స్ట్రా మోపు విప్పి, 'ఇవేమిట్రా, కొబ్బరి ఈనెల్లా ఇంత పొడుగున్నాయి' అంది. లాంగ్‌లీఫ్ సూదులవి. గుప్పెడు తీసి, మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి, చివర దోపి పక్కన పెట్టింది. చుట్టకుదురు! కుండ దొర్లిపోకుండా కింద పెట్టే వరిగడ్డి చుట్ట. 'కుదురుగా కూర్చో' అని రోజుకు పదిసార్లు వినే పిల్లలకు కుదురు అనే వస్తువును చూడటం అదే మొదటిసారి.

విశేషమేమిటంటే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పేరుపొందిన పైన్ సూదుల బుట్టకు మొదలు కూడా ఆ చుట్టే. లూసియానాలోని కుషాటా తెగవారు లాంగ్‌లీఫ్ సూదులతో అల్లే బుట్టలు ప్రసిద్ధి. పద్ధతి పిల్లలు నేర్చుకోగలిగినదే. పొడవాటి సూదులను గోరువెచ్చని నీళ్ళలో అరగంటో గంటో నానబెట్టాలి. కట్ట మొదట్లో ఉండే గోధుమరంగు టోపీని గోటితో లాగేయాలి. నాలుగైదు కట్టలు కలిపి పట్టుకుని, చిన్న చుట్ట చుట్టి, మొద్దు మొన ఉన్న పెద్ద సూదితో, లావు దారంతో ఒక చుట్టును పక్క చుట్టుకు కుట్టుకుంటూ పోవాలి. సూదులు అయిపోవస్తుంటే మధ్యలో కొత్త కట్ట దోపాలి. చుట్ట లావు ఒకేలా ఉండటానికి జ్యూస్ స్ట్రా ముక్క ఒకటి కోసి, అందులోంచి సూదులను లాగుతుంటే సరిపోతుంది. మొదటిరోజు కాఫీ కప్పు కింద పెట్టుకునే చిన్న చక్రం తయారైతే చాలు.

ఆ గంటసేపట్లో వినిపించే తెలుగు గమనించండి. మెలిపెట్టు, పురి విప్పు, దోపు, బిగించు, వదులైంది, ముడి వెయ్యి, చిక్కు తియ్యి, ఒడుపుగా లాగు. ఈ క్రియలు మన ఇళ్ళలో ఎప్పుడైనా వినిపిస్తున్నాయా? తెలుగు బడిలో పిల్లలు నేర్చుకునేవి ఎక్కువగా నామవాచకాలు. కాకి, పలక, మేక. క్రియలు పనిలో తప్ప రావు. తాతయ్య 'బిగించరా' అన్నప్పుడు దారం బిగిస్తే ఆ మాట అర్థం వేళ్ళకు తెలుస్తుంది, ఇంగ్లిష్‌లోకి మార్చుకోవాల్సిన అవసరం రాదు. తాటాకు బూర చేసిన చేతులు, విస్తరి కుట్టిన చేతులు, సూది లేకుండా మల్లెపూల దండ కట్టిన చేతులు మన ఇళ్ళకే వస్తున్నాయి. ఆరు నెలలుండి ఆ విద్యతోనే తిరిగి వెళ్ళిపోతున్నాయి. ఆ విద్యను మనవల చేతికి అందించడానికి తాటాకు దొరక్కపోతే పైన్ సూది ఉంది.

చేసిన బొమ్మలకు చోటు కూడా మన పండగల్లోనే ఉంది. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో ఈసారి ఒక మెట్టు పిల్లలకు వదిలేయండి. పైన్ సూదుల కప్పుతో పూరిల్లు, కాయలతో కొండ, నిలువుగా పెట్టిన కాయకు బంకమట్టి తల అతికించి ముసలమ్మ, బెరడు ముక్కతో ఎడ్లబండి. గుమ్మానికి చిన్న కాయల తోరణం. మనం చేసి వాళ్ళ పేరు పెట్టొద్దు. ఫొటోలో అందంగా రావాలని తల్లిదండ్రులే గ్లూ గన్ పట్టుకుంటే పిల్లలకు మిగిలేది చూడటమే. వంకర బొమ్మ పక్కన కొండపల్లి బొమ్మ కూర్చుంటే కొలువుకు వచ్చిన లోటేమీ లేదు.

ఉంటున్న నేల కథ

ఇంకో సంగతి. మన పిల్లలు ఇక్కడ పుట్టారు, ఈ నేల వాళ్ళది. నార్త్ కరోలినాకు 'టార్ హీల్' అనే పేరుంది. ఆ పేరున్న టీషర్టులు మన పిల్లలూ వేసుకుంటారు. టార్ అంటే తారు. మన రోడ్ల మీది తారు కాదు, పైన్ కట్టెను సన్నటి సెగ మీద కాల్చి తీసే తారు. చెక్క ఓడల్లోకి నీళ్ళు కారకుండా పూయడానికి అప్పట్లో అదే దిక్కు. ఆ పరిశ్రమలో అడవుల్లో చాకిరీ చేసినవారిలో బానిసలుగా పట్టుబడ్డ ఆఫ్రికన్ సంతతి వాళ్ళు ఎందరో ఉన్నారు. ఒకప్పుడు ఆగ్నేయ రాష్ట్రాలన్నిటా కలిపి సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఉన్న లాంగ్‌లీఫ్ అడవి, గత శతాబ్దం చివరికి 30 లక్షల ఎకరాల స్థాయికి పడిపోయింది. ఇప్పుడు మళ్ళీ పెంచుతున్నారు.

మా రాలీ నుంచి గంటన్నర లోపు దూరంలో సదరన్ పైన్స్ ఊళ్ళో వేమౌత్ వుడ్స్ అనే ప్రకృతి సంరక్షణ కేంద్రం ఉంది. అక్కడ 1548 నాటిదని లెక్కతేల్చిన లాంగ్‌లీఫ్ పైన్ ఇప్పటికీ నిలబడి ఉంది. తళ్ళికోట యుద్ధం జరిగింది 1565లో, హైదరాబాద్ నగరం పుట్టింది 1591లో. చార్మినార్‌కన్నా పెద్దదైన చెట్టును తాకి చూడొచ్చంటే ఏ పిల్లాడికైనా చరిత్ర మీద ఆసక్తి కలుగుతుంది.

అభ్యంతరాలు, జాగ్రత్తలు

ఇవన్నీ కాలేజీ అడ్మిషన్‌కు పనికొస్తాయా అని అడిగేవాళ్ళున్నారు. నేరుగా పనికిరావు. పిల్లలు చేసే ప్రతి పనికీ దరఖాస్తులో ఒక గడి ఉండాలనుకుంటే వాళ్ళకు బాల్యం ఎక్కడ మిగులుతుంది? టైమ్ లేదనేది నిజమే. నేను అడిగేది నెలకు ఒక ఆదివారం, రెండు గంటలు.

పురుగుల భయం, ఎలర్జీ భయం న్యాయమైనవే. చెట్ల కింద తిరిగొచ్చాక ఒంటి మీద, తలలో టిక్స్ ఉన్నాయేమో తప్పక చూడాలి. మూడేసి ఆకులుండే పాయిజన్ ఐవీని పిల్లలకు ముందే గుర్తుపట్టించాలి. వసంతంలో కనిపించే పసుపు పొడిని అందరూ తిట్టుకుంటారు గానీ, తుమ్ములు ఎక్కువగా తెప్పించేది అదే సమయంలో కంటికి కనిపించకుండా ఎగిరే ఓక్ వంటి చెట్ల పుప్పొడి. ఆస్తమా ఉన్న పిల్లలను ఆ వారాల్లో బయటికి తీసుకెళ్ళకండి, కాయలు శరదృతువులోనే ఎక్కువగా దొరుకుతాయి. ఏరుకొచ్చిన కాయలను అల్యూమినియం ఫాయిల్ మీద పరిచి, అవెన్‌లో 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర అరగంట ఉంచితే పురుగులు చస్తాయి, బంక ఆరుతుంది. పెద్దవాళ్ళు దగ్గరుండే చేయాలి. ఆకులతో టీ కాచే ప్రయోగాలు పిల్లలతో వద్దు. పైన్‌లా కనిపించే యూ చెట్టు విషం.

స్టేట్ పార్కుల్లో కాయ గానీ ఆకు గానీ ఏరుకురాకూడదు, అక్కడ చూసి రావడమే. నోటీసు పెట్టిన ఇతరుల స్థలంలో పైన్‌స్ట్రా తీసుకెళ్ళడం ఈ రాష్ట్ర చట్టం ప్రకారం నేరం కూడా. మన పెరడు, అడిగి తెచ్చుకున్న పొరుగింటి పెరడు చాలు. అపార్ట్‌మెంట్లో ఉన్నవారికి గార్డెన్ షాపులో దొరికే ఒక్క మోపు ఏడాదికి సరిపోతుంది. గల్ఫ్‌లో ఉన్నవారికి పైన్ ఉండదు, కానీ అక్కడి ఖర్జూరం మన ఈతచెట్టుకు దగ్గరి బంధువు. అమ్మమ్మ చేతికి అది ఇంకా బాగా అలవాటైన ఆకు.

చివరగా మన తెలుగు సంఘాలకు, తెలుగు బడి నడిపేవారికి ఒక విన్నపం. టర్మ్‌కు ఒక్క క్లాసు గది బయట పెట్టండి. పుస్తకాలు, ఫోన్లు లేకుండా, ఇంటికొక పెద్దవారిని వెంట తీసుకురమ్మని చెప్పండి. ఆ రోజు టీచర్లు వాళ్ళే. వలంటీర్లు చేయాల్సిందల్లా ఒక బకెట్ నీళ్ళు, పైన్‌స్ట్రా మోపు, దారం ఉండలు సర్దిపెట్టడం. శరదృతువులో మొదలుపెడితే సంక్రాంతి నాటికి ప్రతి పిల్లా ఒక చిన్న బుట్టయినా అల్లగలుగుతుంది. ఆ బుట్టలోనే భోగిపళ్ళు పెట్టొచ్చు.